ఒకే ఒక్క కాలమ్‌తో ఖాళీ అయిన ఊరు

టర్కీ టూరు ప్యాకేజీల కాగితాలు తిరగేస్తే 'దయ్యాల ఊరు' అని ఒక ఐటెమ్ కనిపిస్తుంది. కొండవాలు నిండా పైకప్పుల్లేని రాతి ఇళ్ళు, వాటి మధ్య మొలిచిన అత్తి చెట్లు, కొండ వెనక మధ్యధరా సముద్రం. బస్సు దిగి, గంటలో చుట్టేసి, నాలుగు ఫోటోలు కొట్టి, మళ్ళీ బస్సెక్కి బీచికి పోవచ్చు. ఊరి అసలు పేరు కయాకోయ్. టర్కిష్‌లో 'కయా' అంటే రాయి, 'కోయ్' అంటే పల్లె. మన భాషలో రాళ్ళపల్లి అనుకోండి.

నా పేచీ ఆ 'దయ్యాల ఊరు' అన్న మాటతోనే. ఈ ఊరికి దయ్యం పట్టలేదు, కరువూ కలరా వచ్చి తుడిచిపెట్టనూ లేదు. యుద్ధం సగం ఖాళీ చేస్తే, మిగతా సగాన్ని రెండు ప్రభుత్వాలు బల్ల ముందు కూర్చుని, కాగితం మీద సంతకాలు పెట్టి ఖాళీ చేశాయి. ఆ కాగితంలో ఏముందో తెలుసుకుంటే, మన దేశంలో ఇప్పటికీ టీ కొట్ల దగ్గర నడిచే ఒక పాత వాదన మీద కూడా కొంచెం వెలుతురు పడుతుంది. ఈ టపా అందుకే.

ముందు ఊరు ఎక్కడుందో చెప్తాను. టర్కీ నైరుతి మూల, మధ్యధరా ఒడ్డున ఫెతియే అని చిన్న రేవు పట్నం ఉంది. ఇస్తాంబుల్ నుంచి దలమాన్‌కి విమానంలో వచ్చి, అక్కణ్ణుంచి బస్సెక్కితే గంటలో ఫెతియే. అక్కడ దోల్‌ముష్ అనే మినీ బస్సులు తిరుగుతుంటాయి. ఆ మాటకి అర్థం 'నిండిపోయినది' అని. మన షేర్ ఆటోకి ఇంతకంటే నిజాయితీ గల పేరు ఇంకెవరైనా పెట్టగలరా! అది ఎక్కితే ఎనిమిది కిలోమీటర్ల దూరంలో కయాకోయ్.

కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళకి నా సలహా వేరు. దోల్‌ముష్ వదిలేసి నడవండి. ఫెతియే కోట వెనక నుంచి కొండ మీదుగా పాత బాట ఒకటుంది. కంచరగాడిదల కోసం రాళ్ళు పరిచి కట్టిన దారి, చాలాచోట్ల ఆ రాళ్ళు ఇంకా పదిలంగానే ఉన్నాయి. రెండు గంటలకి కాస్త అటూ ఇటూ పడుతుంది. నేను అక్టోబర్‌లో నడిచాను. పైన్ చెట్ల నీడ, జిగురు వాసన, అక్కడక్కడా మేకల గంటలు. కొండ దిగి లోయలోకి రాగానే ఎదురుగా ఊరు మొత్తం ఒక్కసారి కనిపిస్తుంది. దూరం నుంచి చూస్తే మామూలు ఊరే. ఇంకో పది నిమిషాలు నడిచాకగానీ, ఒక్క ఇంటికీ పైకప్పు లేదని కంటికి ఆనదు.

ఇళ్ళు సుమారు 500 ఉంటాయి. ఇప్పుడు కనబడేవి ఎక్కువగా పందొమ్మిదో శతాబ్దపు కట్టడాలు. వాలు మీద మెట్లు మెట్లుగా, ఒక ఇల్లు ఇంకో ఇంటి వెలుతురుకి అడ్డం రాకుండా కట్టుకున్నారు. అడ్డదిడ్డంగా పెరిగిన మన కాలనీలు చూసిన కళ్ళకి ఇది కాస్త అసూయగానే ఉంటుంది. లోపలికెళ్తే గోడలో పొయ్యి గూడు, అలమర గూళ్ళు, ఇంటి పక్కన వాననీళ్ళు పట్టుకునే రాతి తొట్టి. కొన్ని గోడలకి నీలం సున్నం ఛాయలు ఇంకా మిగిలున్నాయి. రెండు పెద్ద చర్చిలు, పైది ఒకటి, కిందిది ఒకటి. ఇవిగాక చిన్న చిన్న ప్రార్థనామందిరాలు బోలెడు. చర్చి ఆవరణల్లో నల్లవీ తెల్లవీ గులకరాళ్ళు పేర్చి వేసిన నేల చూడాల్సిందే. ఎవరో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క రాయీ ఏరి గుచ్చిన పని అది. పది రోజుల్లో వదిలేసి పోవాల్సిన ఊరికి ఎవరూ అంత శ్రద్ధగా నేల వేయించుకోరు కదా.

ఇంతకీ ఆ మోకాళ్ళు ఎవరివి?

ఈ ఊరి పాత పేరు లెవిస్సి. ఇక్కడ ఉన్నది గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవులు. ఒట్టోమాన్ సుల్తానుల ప్రజలు. పక్కనున్న ఫెతియేకి అప్పటి పేరు మాక్రి. 1914లో విమానం కూలి చనిపోయిన ఫెతి బే అనే ఒట్టోమాన్ పైలట్ పేరు మీద 1934లో ఫెతియే అయింది. అంటే ఇక్కడ జనాలే కాదు, పేర్లు కూడా బదిలీ అయ్యాయి. కొండ మీద క్రైస్తవులు, కింద లోయలో పొలాల దగ్గర ముస్లిం తురకలు. కొండవాళ్ళవి ఎక్కువగా చేతిపనులు, వ్యాపారాలు. లోయవాళ్ళది వ్యవసాయం. ఒకరి సరుకు ఒకరికి కావాలి.

అందరూ పాలూ నీళ్ళలా కలిసిపోయి బతికారని నేను అనను. ఒట్టోమాన్ పాలనలో క్రైస్తవుడు రెండో మెట్టు మీదే ఉన్నాడు. చాలాకాలం అదనపు పన్నూ కట్టాడు. కానీ ఇరుగుపొరుగుగా తరాలు గడిచాయి. కథ పాడైంది పక్కింటి గొడవల వల్ల కాదు, దూరంగా ఉన్న రాజధానుల వల్ల.

1912లో బాల్కన్ యుద్ధం. గ్రీసు, సెర్బియా, బల్గేరియా, మాంటెనెగ్రో కలిసి ఒట్టోమాన్లని యూరప్ నుంచి దాదాపు తరిమేశాయి. అక్కడి ముస్లింలు లక్షలుగా ప్రాణాలు అరచేత పట్టుకుని అనతోలియాకి వచ్చిపడ్డారు. వాళ్ళ కోపం, ప్రభుత్వం అనుమానం, రెండూ కలిసి తీరంలోని గ్రీకుల మీద పడ్డాయి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక తీరప్రాంతపు గ్రీకుల్ని లోపలి ప్రాంతాలకి తరలించారు. మగవాళ్ళని లేబర్ బెటాలియన్లలో వేశారు, వాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. తర్వాత 1919 మేలో గ్రీకు సైన్యం స్మిర్నాలో, అంటే ఇప్పటి ఇజ్మీర్‌లో దిగి లోపలికి చొచ్చుకుపోయింది. దారిలో అది చేసిన అఘాయిత్యాలూ తక్కువేం కాదు. 1922లో ముస్తఫా కెమాల్ సేనలు దాన్ని చిత్తుగా ఓడించాయి. ఆ సెప్టెంబర్‌లో స్మిర్నా తగలబడింది. లక్షల మంది క్రైస్తవులు రేవుల్లో ఓడల కోసం నిలబడ్డారు.

ఇప్పుడు వస్తుంది మన కాగితం. స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో 1923 జనవరి 30న గ్రీసు, టర్కీ జనాభా మార్పిడి ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఇది శాంతి ఒప్పందం కంటే ముందే అయిపోయింది, ఆ పెద్ద ఒప్పందం జులై 24న జరిగింది. మార్పిడి ఆలోచనని ముందుకు తెచ్చినవాళ్ళలో శరణార్థుల కోసం పనిచేసి, 1922 నోబెల్ శాంతి బహుమతి అందుకున్న నార్వే దేశస్థుడు నాన్సెన్ ఒకడు. చర్చల్లో బ్రిటన్ తరపున కూర్చున్నది ఎవరనుకున్నారు? 1905లో బెంగాల్‌ని రెండు ముక్కలు చేసిన మన లార్డ్ కర్జన్. ఇది చెడ్డ పరిష్కారమనీ, దీనికి ప్రపంచం వందేళ్ళపాటు మూల్యం చెల్లిస్తుందనీ అన్నది కూడా ఆయనే. బెంగాల్ అనుభవం పనికొచ్చినట్టుంది. అని, సంతకాలు మాత్రం జరగనిచ్చాడు.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి ఆ ఒప్పందాన్ని మన భాషలో చెప్పుకుందాం. ఒక పెద్ద టేబుల్ ఊహించుకోండి. ప్రతి మనిషికీ ఒక రో. కాలమ్స్ బోలెడు. ఇంట్లో మాట్లాడే భాష, పుట్టిన ఊరు, చేసే పని, తాతల సమాధులు ఎక్కడున్నాయి, ఎక్కడ ఉండాలనుకుంటున్నాడు. లొసాన్‌లో రాసిన క్వెరీ ఇవేవీ చూడలేదు. వేర్ క్లాజులో ఉన్నది ఒకే ఒక్క కాలమ్: మతం. టర్కీలోని గ్రీకు ఆర్థడాక్స్ వాళ్ళు గ్రీసుకి, గ్రీసులోని ముస్లింలు టర్కీకి. ఇష్టమా అని అడిగే ఫీల్డే లేదు, తప్పనిసరి. 1912 అక్టోబర్ 18 తర్వాత వెళ్ళిపోయినవాళ్ళకి కూడా వెనక తేదీ నుంచి వర్తిస్తుంది. రోల్‌బ్యాక్ లేదు, అంటే ప్రభుత్వం అనుమతి లేకుండా ఎవరూ తిరిగి రాకూడదు. రెండు మినహాయింపులు మాత్రం హార్డ్‌కోడ్ చేశారు: ఇస్తాంబుల్‌లోని గ్రీకులు, పశ్చిమ థ్రేస్‌లోని ముస్లింలు. ఏజియన్‌లో టర్కీకి దక్కిన రెండు దీవుల గ్రీకులకి శాంతి ఒప్పందంలో వెసులుబాటు దొరికింది.

ఒకే కాలమ్‌తో ఫిల్టర్ చేస్తే ఏమవుతుందో మనకి తెలుసు. ఎడ్జ్ కేసులు బయటపడతాయి. నడి అనతోలియాలో కరమాన్లీలని ఉండేవాళ్ళు. మతం ఆర్థడాక్స్, మాతృభాష టర్కిష్. టర్కిష్‌ని గ్రీకు లిపిలో రాసుకునేవాళ్ళు. వాళ్ళని గ్రీసుకి పంపారు, అక్కడి భాష ఒక్క ముక్క రాకుండా. అటువైపు క్రీట్ దీవిలో ముస్లింలు చాలామందికి ఇంటి భాష గ్రీకే. వాళ్ళని టర్కీకి పంపారు, టర్కిష్ రాకుండా. గ్రీసు చేరినవాళ్ళని అక్కడివాళ్ళు 'తురక విత్తనం' అని ఎగతాళి చేశారు. టర్కీ చేరినవాళ్ళని 'సగం కాఫిరు' అన్నారు. సొంత మతం వాళ్ళ మధ్యకి చేర్చామని ప్రభుత్వాలు అనుకున్నాయి. సొంతం అన్నది మతం కాలమ్‌లో మాత్రమే ఉండదని చేరాక తెలిసింది.

లెక్కలు చూస్తే, గ్రీసుకి చేరినవాళ్ళు సుమారు 12 లక్షలు. వీళ్ళలో అత్యధికులు సంతకాలకి ముందే పారిపోయి వచ్చినవాళ్ళు. ఒప్పందం ప్రకారం ఓడలెక్కినవాళ్ళు 2 లక్షల లోపే. టర్కీకి వెళ్ళిన ముస్లింలు మూడున్నర లక్షలకి పైనే. 1928 జనాభా లెక్కల్లో గ్రీసులో ప్రతి ఐదుగురిలో ఒకరు శరణార్థి. మన కొండ మీది లెవిస్సి వాళ్ళూ, రేవులోని మాక్రి వాళ్ళూ కొందరు ఏథెన్స్‌కి ఈశాన్యంగా, మారథాన్ దగ్గర సముద్రపు ఒడ్డున చేరి కొత్త ఊరు కట్టుకున్నారు. దాని పేరు నేయా మాక్రి. కొత్త మాక్రి అన్నమాట. పాత మాక్రికి ఇప్పుడు ఆ పేరు లేదు, పేరు సముద్రం దాటి అక్కడ బతుకుతోంది.

మరి ఖాళీ అయిన ఇళ్ళలోకి ఎవరూ రాలేదా అని అడగొచ్చు. వచ్చారు. గ్రీసులోని మాసిడోనియా ప్రాంతం నుంచి ముస్లిం రైతుల్ని తెచ్చారు. వాళ్ళకి కావాల్సింది పొలం, ఇచ్చింది రాళ్ళ గుట్ట మీద ఇల్లు. వ్యాపారులూ పనివాళ్ళూ కట్టుకున్న ఊరు, నాగలి పట్టేవాడికి ఏం చేసుకోవడానికి? కొందరు లోయలోకి దిగారు, కొందరు వేరే చోటికి పోయారు. కొండ ఇళ్ళ దూలాలూ తలుపులూ ఎవరికి కావాల్సినవి వాళ్ళు పట్టుకుపోయారు. 1957 ఏప్రిల్‌లో ఫెతియేలో పెద్ద భూకంపం వచ్చి, ఉన్నదాన్నీ దెబ్బతీసింది. అట్లా మిగిలింది ఈ అస్థిపంజరం. కాబట్టి 'గ్రీకులు వదిలేసిన ఊరు' అని గైడు చెప్పేది సగం కథ. ఇంకో సగం, ఇక్కడ కాళ్ళూనుకోలేకపోయిన మాసిడోనియా ముస్లింలది. వాళ్ళు వదిలొచ్చిన ఇళ్ళు గ్రీసులో ఉన్నాయి. వాటి ఫోటోలు తీయడానికి ఎవరూ టిక్కెట్టు కొనరు.

రామాయణంలో పిడకల వేటలా ఒక్క ముక్క. ఆ ఏళ్ళలో ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళలో సాక్షాత్తూ ఖలీఫా కూడా ఉన్నాడు. 1924 మార్చిలో టర్కీ ప్రభుత్వం ఖలీఫా పదవి రద్దు చేసి, అబ్దుల్ మజీద్‌ని కుటుంబంతో సహా దేశం దాటించింది. ఆయన చివరికి ఫ్రాన్సులో, ఇదే మధ్యధరా ఒడ్డున నీస్‌లో తలదాచుకున్నాడు. 1931లో అక్కడే ఆయన కూతురు దుర్రు షెహవార్‌కీ, అదే వంశపు నీలోఫర్‌కీ మన నిజాం కొడుకులిద్దరితో పెళ్ళిళ్ళయ్యాయి. హైదరాబాద్‌లో వాళ్ళ పేర్లతో ఆస్పత్రులు ఇవాళ్టికీ ఉన్నాయి. ఆ ఆస్పత్రి పేరు మీద వచ్చిన నీలోఫర్ కేఫ్ చాయ్ తాగనివాళ్ళు మనలో తక్కువే. రాజులకైతే ఊరు పోయినా ఇంకో రాజమహల్ దొరికింది. లెవిస్సిలో గులకరాళ్ళు పేర్చినవాడికి దొరికింది గుడారం.

సరే, ఇప్పుడు టీ కొట్టు వాదన. 'దేశం చీలినప్పుడే జనాన్ని కూడా పూర్తిగా మార్చుకుని ఉంటే గొడవ వదిలిపోయేది, గ్రీసూ టర్కీ చేసుకోలేదా?' ఇది మీరూ వినే ఉంటారు. గాలిలోంచి పుట్టిన వాదన కాదిది. 1940లలో పాకిస్తాన్ సమస్య మీద రాసిన పుస్తకంలో అంబేడ్కర్ అంతటివాడు టర్కీ, గ్రీసు, బల్గేరియాల ఉదాహరణ చూపించాడు. అల్పసంఖ్యాకుల ప్రాణాలకి రక్షణ ఎట్లా అన్నది ఆయన దిగులు. ఆ దిగులు నిజమైనదని 1947 పంజాబ్ రుజువు చేసింది. కాబట్టి ఈ వాదనని వెక్కిరించి తీసిపారేయడం నాకిష్టం లేదు. 1923లో సంతకాలు జరగకపోతే శరణార్థులు తిరిగి వెళ్ళగలిగేవాళ్ళా అంటే, బహుశా వెళ్ళలేకపోయేవాళ్ళు. మార్పిడి వల్ల కొన్ని ప్రాణాలు దక్కాయన్న మాటలోనూ నిజముంది.

కానీ 'గొడవ వదిలింది' అన్నచోటే నాకు లెక్క తేలదు. 1930లో వెనిజెలోస్, అటాటుర్క్ స్నేహ ఒప్పందం చేసుకున్నారు. 1934లో వెనిజెలోస్ అయితే అటాటుర్క్‌కి నోబెల్ శాంతి బహుమతి ఇమ్మని రాశాడు కూడా. బాగానే ఉంది. ఆ తర్వాత? 1955 సెప్టెంబర్‌లో ఇస్తాంబుల్‌లో గ్రీకుల దుకాణాలు, చర్చిలు ఒక్క రాత్రిలో ధ్వంసమయ్యాయి. 1964లో గ్రీసు పౌరసత్వం ఉన్నవాళ్ళని అక్కణ్ణుంచి వెళ్ళగొట్టారు. 1974లో సైప్రస్‌లో మళ్ళీ యుద్ధం, మళ్ళీ గీత, మళ్ళీ అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు. 1923లో లక్షకి పైగా ఉన్న ఇస్తాంబుల్ గ్రీకులు ఇవాళ కొన్ని వేలమందే. మార్పిడితో తగ్గింది పొరుగువాళ్ళ సంఖ్య. ప్రభుత్వాల మధ్య తగాదా కాదు.

అసలు ముఖ్యమైంది ఇంకోటుంది. ఒప్పందం ప్రకారం వదిలేసిన ఆస్తులకి విలువ కట్టి పరిహారం ఇవ్వాలి. అందుకు ఒక కమిషన్ వేశారు. ఏళ్ళ తరబడి ఫైళ్ళు పేరుకుపోయాయి. చివరికి 1930లో రెండు ప్రభుత్వాలూ ఏం చేశాయంటే, మీ లెక్క మా లెక్కా చెల్లు అని కొట్టేసుకున్నాయి. లెక్క ప్రభుత్వాల మధ్య కుదిరింది. ఇల్లు పోయింది మాత్రం మనుషులకి. టీ కొట్టులో 'మార్చుకుని ఉంటే' అని అనేటప్పుడు మనం ఎప్పుడూ ప్రభుత్వం కుర్చీలో కూర్చునే మాట్లాడతాం. టేబుల్‌లో మనమూ ఒక రో అయి, మన ఇంటి తాళం చేతిలో పట్టుకుని మాట్లాడం. కయాకోయ్ ఆ రెండో కోణం నుంచి చూపిస్తుంది, ఈ ఊరికి వెళ్ళమని నేను చెప్పేది కూడా అందుకే.

వెళ్ళేవాళ్ళ కోసం మరి నాలుగు ముక్కలు. ఎండాకాలం వద్దు, కొండ మీద ఇళ్ళ మధ్య నీడ తక్కువ. ఏప్రిల్, మే లేదా అక్టోబర్ మంచిది. కయాకోయ్ నుంచి ఒలుదెనిజ్ బీచికి కొండ మీదుగా నడక దారి ఉంది, రెండు మూడు గంటలు. రాళ్ళ మీద రంగు గుర్తులు చూసుకుంటూ పోవచ్చు. సగం దారిలో చెట్ల సందుల్లోంచి ఆ నీలం కనపడినప్పుడు నోటమాట రాదు. ఇంకా నడిచే ఓపికుంటే, 1999లో కేట్ క్లో అనే బ్రిటిష్ ఆవిడ గుర్తులు పెట్టించిన లైసియన్ వే ఈ పక్క నుంచే మొదలవుతుంది. 500 కిలోమీటర్ల పైచిలుకు, అంతాల్యా వైపు. ఒక రోజు నడిచి వెనక్కొచ్చినా చాలు. పడమర పక్కన అఫ్‌కులే అని, కొండచరియలో పిచ్చుకగూడులా అతికించిన పాత మఠం ఉంది, సూర్యాస్తమయానికి బాగుంటుంది, టార్చి మర్చిపోకండి. గెమిలెర్ దీవిలో బైజంటైన్ కాలపు చర్చి శిథిలాలు, వాటి మధ్య ఈత. పారాగ్లైడింగ్ సరదా ఉంటే 1969 మీటర్ల బాబాదా కొండ, 2021 నుంచి పైకి కేబుల్ కారు కూడా ఉంది. గాలిలోంచి చూస్తే ఊళ్ళకి సరిహద్దులేమీ కనిపించవు అని కవిత్వం చెప్పను, కడుపులో తిప్పుతుంటే కవిత్వం రాదు.

కయాకోయ్‌లో మాత్రం కనీసం మూడు గంటలు పెట్టుకోండి. నేరుగా పెద్ద చర్చికి పోకుండా, పేరూ ఊరూ లేని ఒక మామూలు ఇంట్లోకి వెళ్ళండి. పొయ్యి గూడు దగ్గర కాసేపు నిలబడండి. మసి ఇంకా ఉంది. తర్వాత కిందికి దిగి, లోయలో చెట్టు కింద గోజ్‌లెమె తినండి. పల్చగా ఒత్తిన రొట్టెలో జున్నూ పాలకూరా పెట్టి కాల్చి ఇస్తారు. ఈ లోయ ఎప్పుడూ ఖాళీ కాలేదు. ఇప్పటికీ జనం ఉన్నారు, పొలాలున్నాయి, బడికెళ్ళే పిల్లలున్నారు. అది తింటూ తలెత్తి కొండ వైపు చూస్తే, ఆ ఊళ్ళో లేనిది ఎవరో దయ్యాలకంటే బాగా మీకే తెలుస్తుంది.